సెలవు పెట్టిన నావికుడు

పటానికి కూడా హోదా ఉంటుందని ప్రభుత్వం కనిపెట్టిన సంవత్సరం నాకు బాగా గుర్తు. నేను పటాలు కట్టేవాణ్ణి. పైడిరేవులో ఓడరేవు రోడ్డు మొదట్లో నా కొట్టు. పాతికేళ్లుగా దేవుళ్లకీ, నాయకులకీ, పోయినవాళ్లకీ, పెళ్లయినవాళ్లకీ ఒకే రకం మేకులతో ఫ్రేములు బిగించాను. హోదా సంగతి నాకెవరూ చెప్పలేదు.

రాజధానిలో సముద్ర ఉత్సవాలు జరిగాయి. హాలు గోడలకు పాతకాలపు నౌకాదళ బొమ్మలు అలంకరణగా తగిలించారు. తగిలించినవాడికి బొమ్మల్లో ఉన్నది ఎవరో తెలియదు. తెడ్డు పట్టుకున్న మామూలు నావికుణ్ణి వేదిక మీద పెట్టాడు. అడ్మిరల్ గారిని చేతులు కడుక్కునే కుళాయి పక్కన పెట్టాడు. భోజనాల తర్వాత ఒక పెద్దమనిషి తడి చేతులు విదిలిస్తే నీళ్లు వెళ్లి అడ్మిరల్ గారి ముక్కు మీద పడ్డాయట. ఆయన పోయి నూట అరవై ఏళ్లు దాటింది కాబట్టి ఏమీ అనలేదు. చూసినవాళ్లు ఊరుకోలేదు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: "చిత్రపటమందలి వ్యక్తి హోదాయే సదరు చిత్రపటము యొక్క హోదాగా పరిగణింపబడవలెను."

ఉత్తర్వు వచ్చాక దాన్ని అమలు చేసే ఆఫీసు రావాలి కదా. మా ఊళ్లో దిగిన దాని పేరు నౌకా చిత్రపటాల హోదా నిర్ధారణ కార్యాలయం.

ఊరు మొత్తానికి అలాంటి బొమ్మలు ఉన్నది పొట్నూరు విశ్వేశం దగ్గరే. విశ్వేశం దర్జీ. నలభై ఏళ్లు ఓడరేవు సిబ్బందికి యూనిఫాంలు కుట్టాడు. వరసకు నాకు బావ అవుతాడో లేదో తెలియదు గాని, నేను బావా అంటాను, అతను పలుకుతాడు. వయసులో ఉండగా విశాఖపట్నంలో పాత సామాను అమ్మేచోట పొట్లం కట్టడానికి పడేసిన కాగితాల్లో ఒక బొమ్మ దొరికింది. రాగిరేకు మీద చెక్కి అచ్చొత్తి, చేత్తో రంగులద్దిన నౌకాధికారి. భుజకీర్తులు, నడుం దాకా రెండు వరసల గుండీలు. విశ్వేశం ఆ మనిషి ముఖం చూడలేదు. కోటు చూశాడు. చంక కింద ఆ కత్తిరింపు ఎలా వచ్చిందా అని వారం రోజులు నిద్రపోలేదట. అప్పట్నుంచి మొదలైంది పిచ్చి. పాత సచిత్ర పుస్తకాల్లో ఊడిపోయిన పేజీలు, మూతబడిన క్లబ్బు గోడల మీది పటాలు, ఎక్కడ ఏది దొరికితే అది తెచ్చాడు. పంతొమ్మిది మంది అధికారులు, ముప్ఫై నలుగురు నావికులు అయ్యారు. అన్నిటికీ ఫ్రేములు నేనే కట్టాను.

ఆ బొమ్మల్లో అధికారుల కింద పేర్లుంటాయి. నావికుల కింద "నావికుడు" అని మాత్రమే ఉంటుంది. ఆ పేరులేనివాళ్లలో ఒకడంటే విశ్వేశానికి ప్రాణం. ఓడ మీద చాప చుట్టలా పడున్న గుడ్డ మధ్య కూర్చుని తెరచాప కుడుతున్న ముసలి నావికుడు. బొటనవేలు వెనక్కి విరిచి సూది పట్టుకుంటాడు.

"మా నాయన ఇలాగే పట్టీవోడురా సన్నీ," అనేవాడు నాతో. "ఆయనకి ఫోటో లేదు. తీయించీవోలం కాదు. ఈ సెయ్యి సూసుకుంతాను."

హోదా నిర్ధారణాధికారి మార్కండేయులు గారు ఒక సోమవారం పొద్దున్నే జీపులో వచ్చారు. సన్నటి మనిషి, కచ్చితమైన మనిషి. లంచం తీసుకోరు, నవ్వరు. విశ్వేశం ఇంట్లో అడుగుపెట్టి, గోడ మీది అధికారుల్లో ఒక అడ్మిరల్ గారు కూడా ఉండటం చూసి, చెప్పులు విడిచి నిటారుగా నిలబడ్డారు. ఆయన నిలబడితే వెంట వచ్చిన ముగ్గురూ నిలబడ్డారు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన విశ్వేశం భార్య నూకరత్నం, ఎవరో పోయారనుకుని తనూ నిలబడింది.

"కూకోండి బాబూ," అన్నాడు విశ్వేశం.

"అడ్మిరల్ గారి సమక్షమున ఆసీనులగుటకు నాకు అర్హత లేదు," అన్నారు మార్కండేయులు గారు. "సదరు యాభైమూడు చిత్రపటములను హోదా నిర్ధారణ నిమిత్తము కార్యాలయ అధీనములోనికి తీసుకొనడమైనది."

"నిర్ధారణకి అట్టుకెల్లడం దేనికి బాబూ? గుండీలు లెక్కెట్టి నానిక్కడే సెప్పీగలను. ఇదిగో, ఈయన కెప్టెను. ఈ పిల్లోడు ఇంకా లెఫ్టినెంటే, కాలరు సూడండి."

"తమరు దర్జీలు. తమ నిర్ధారణకు హోదా లేదు."

దించడం మొదలైంది. ఉత్తర్వులో ప్రయాణ నిబంధనలు కూడా ఉన్నాయి. అడ్మిరల్ గారు జీపు ముందు సీట్లో, కెప్టెన్లు వెనక సీట్లో, లెఫ్టినెంట్లు ఆటోలో. నావికులు నడిచి రావలెను. పటం నడవదని నేను మనవి చేశాను. మార్కండేయులు గారు కాసేపు ఆలోచించి, నడిచే మనుషుల నెత్తి మీద వచ్చినా నడిచినట్టే అని వ్యాఖ్యానం చెప్పారు. ముప్ఫై నలుగురు నావికుల్ని విశ్వేశం, నేను, మార్కెట్లో ఇద్దరు కూలీలు నెత్తిన పెట్టుకుని ఎండలో రెండు మైళ్లు మోశాం. సూది పట్టుకున్న ముసలాణ్ణి మాత్రం విశ్వేశం గుండెకు ఆనించుకుని తీసుకెళ్లాడు.

ఆఫీసులో పటాలు తగిలించాక అసలు చిక్కు మొదలైంది. మార్కండేయులు గారి దగ్గర ఒక పట్టిక ఉంది. ప్రభుత్వోద్యోగుల హోదాలు ఎడమవైపు, నౌకాదళ హోదాలు కుడివైపు. దాని ప్రకారం ఆయన హోదా కెప్టెను కంటే ఒక మెట్టు తక్కువ. అడ్మిరల్ గారు ఎక్కడో ఆకాశంలో ఉన్నారు. కార్యాలయంలో అందరికంటే పై హోదా గలవారే కార్యాలయాధిపతి. ఆ పట్టిక సిద్ధం చేసింది ఆయనే. కాదనడానికి వీల్లేదు.

మర్నాటి నుంచి పెద్ద కుర్చీ అడ్మిరల్ గారి పటం కింద ఖాళీగా ఉండిపోయింది. మార్కండేయులు గారు పక్కన స్టూలు వేసుకున్నారు. మొదటి టీ పటం ముందు పెట్టేవారు. అది చల్లారాక మిగతావాళ్లు తాగాలి. ఫైళ్లన్నీ అడ్మిరల్ గారి బల్ల మీదికి వెళ్లేవి. తిరిగి వచ్చేవి కావు.

ఈ సంగతి విశ్వేశానికి ఎలా తెలిసిందంటే, పదిహేను రోజులకు అతను పటాలు చూసి వద్దామని వెళ్లాడు. నేనూ వెళ్లాను. అధికారులు హాల్లో ఫ్యాన్ల కింద ఉన్నారు. నావికులు లేరు.

"వాళ్లు ఇతర శ్రేణి," అంది సీనియర్ అసిస్టెంట్ ఉదయలక్ష్మి. "వాళ్ల వసతి వెనకాల."

వెనకాల రేకుల షెడ్డు ఉంది. సముద్రం వైపు గోడ సగం లేదు. ముప్ఫై నాలుగు పటాలు నేల మీద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. విశ్వేశం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తీశాడు. సూది ముసలాడి పటం అడుగున ఉంది. అద్దం లోపలికి చెమ్మ చేరి, తెరచాప మీద గోధుమరంగు మచ్చ లేచింది. చేతికి ఇంకా రెండు వేళ్ల దూరంలో ఉంది.

విశ్వేశం పటం ఒళ్లో పెట్టుకున్నాడు. పైపంచెతో అద్దం తుడిచాడు. మచ్చ లోపల ఉంది కదా, పోలేదు. మళ్లీ తుడిచాడు.

మార్కండేయులు గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "బాబూ, మిగతావోల్నందరినీ ఉంచీసుకోండి. ఆ ఒక్క ముసలోణ్ణి ఇచ్చీండి. ఉప్పుగాలికి కాయితం కుల్లిపోతంది."

మార్కండేయులు గారు రాతిమనిషి కాదు. షెడ్డు దాకా వచ్చి, మచ్చ చూసి, నిజంగానే బాధపడ్డారు. "పటము విడుదలకు కార్యాలయాధిపతి సంతకము అవసరము. తమ విజ్ఞప్తిని వారి పరిశీలనకు ఉంచెదను."

ఉంచారు. అడ్మిరల్ గారు పరిశీలిస్తూనే ఉన్నారు. పది రోజులు, ఇరవై రోజులు. విశ్వేశం రోజూ వెళ్లి ఖాళీ కుర్చీ ముందు నిలబడి వచ్చేవాడు. ఒకరోజు మార్కండేయులు గారే స్టూలు మీదినుంచి లేచి మెల్లగా అన్నారు: "ఆయన కంటే పై హోదా వారెవరైనా ఉంటే తప్ప ఇది తేలదు. అట్టివారు ఈ జిల్లాలో లేరు."

"పటానికి పై పటం కావాల, అంతే కదా?" అన్నాడు విశ్వేశం.

"అంతే."

"మీకు ఫోటో ఉందా బాబూ?"

విశ్వేశం చెప్పింది విని మార్కండేయులు గారు ఉత్తర్వును మూడుసార్లు చదువుకున్నారు. అందులో చిత్రపటం పాతదై ఉండాలని ఉంది గాని, ఎంత పాతదో లేదు. బొమ్మలోని వ్యక్తి యూనిఫాంలో ఉండాలని ఉంది గాని, ఆ యూనిఫాం అతనిదే అయి ఉండాలని లేదు. ఆయన కళ్లు కొంచెం మెరిశాయి. పాతికేళ్ల ఉద్యోగంలో ఆయనకు గుండీల కోటు తొడిగినవాళ్లెవరూ లేరు మరి.

విశ్వేశం పదకొండు రోజుల్లో కుట్టాడు. అడ్మిరల్ గారికి గుండీలు తొమ్మిదేసి ఉంటే ఈయనకు పదకొండేసి పెట్టాడు. భుజకీర్తుల కుచ్చులు మోచేతి దాకా దిగాయి. చంక కింద ఆ పాత కత్తిరింపు, వయసులో నిద్ర పట్టనివ్వనిది, ఇన్నేళ్లకు తన చేత్తో వేశాడు. మా వీధి చివర స్టూడియోలో ఫోటో తీయించాం. నేను ఫ్రేము కట్టాను. పాతది కావాలి కాబట్టి రెండు రోజులు ఎండలో పెట్టాను. మహా అడ్మిరల్ మార్కండేయులు గారి పటం అడ్మిరల్ గారి పటానికి జానెడు ఎత్తున మేకుకు ఎక్కింది.

మేకు కొట్టి నేను నిచ్చెన దిగాను. మార్కండేయులు గారు కలం తీసి విశ్వేశం ఫైలు మీద సంతకం పెట్టబోయి ఆగిపోయారు.

"ఏటైంది బాబూ?"

"పటములో ఉన్నది మహా అడ్మిరల్ హోదా," అన్నారు ఆయన. "ఇక్కడ నిలుచున్నది నేను. నేను ఆయనకు పది మెట్లు దిగువ. ఆయన తరఫున నేను సంతకము చేయజాలను."

"ఆయనా మీరే కదేటి?"

"పట్టికలో అలా లేదు."

ఉదయలక్ష్మి టీ తెచ్చి మహా అడ్మిరల్ పటం ముందు పెట్టింది. మార్కండేయులు గారు తన ఫోటోకు తనే నమస్కారం పెట్టి, అది చల్లారేదాకా నిలబడ్డారు. విశ్వేశం ఆ పూట ఇంటికొచ్చి కత్తెర ముట్టుకోలేదు.

నూకరత్నం వంటింట్లోంచి అంతా విన్నది. ఆమెకు ఈ బొమ్మలంటే మొదట్నుంచీ లెక్కలేదు. ఇంట్లో పరాయి మగాళ్లు యాభై మంది గోడలకు వేలాడుతుంటే ఏ ఆడదానికి నచ్చుతుంది? అయినా మొగుడు అన్నం కలుపుకుని తినకుండా కూర్చోవడం ఆమె చూడలేకపోయింది.

"అన్నియ్యా," అంది నాతో. "ఆ సూదోడు వొట్టి బొమ్మ కాదు, నావికుడంతన్నారు. అంటే ఉద్యోగమే కదా?"

"అంతే అన్నమాట."

"ఉద్యోగమైతే సెలవులుండవేటి? ఇడుదల సెయ్యొద్దు. సెలవియ్యమను. పది రోజులు ఇంటికొచ్చి ఎల్తాడు."

విశ్వేశం తలెత్తాడు. నేను చొక్కా వేసుకున్నాను.

ఉదయలక్ష్మి మా మాట విని నవ్వలేదు. సొరుగులోంచి సెలవు ఫారం తీసింది. "ఇతర శ్రేణి సిబ్బంది సెలవులు నా పరిధిలోవే. పైకి పంపక్కర్లేదు," అంది. "పేరు?"

"నావికుడు," అన్నాడు విశ్వేశం.

"ఇంటిపేరు?"

"బొమ్మ కింద అంతే ఉందమ్మా."

"కారణం?"

"ఒంట్లో బాగులేదు. సెమ్మ పట్టింది."

"సెలవులో ఉండే చిరునామా?"

"పొట్నూరు విశ్వేశం, టైలరు, ఓడరేవు రోడ్డు."

"ఇక్కడ దరఖాస్తుదారు సంతకం కావాలి బాబాయిగారూ."

విశ్వేశం బిక్కమొహం వేశాడు. తర్వాత నెమ్మదిగా, "ఎలా పెడతాడమ్మా? ఒక సేత్తో గుడ్డ, ఒక సేత్తో సూది. రెండు సేతులూ కాళీ లేవు," అన్నాడు.

ఉదయలక్ష్మి షెడ్డులోకి వెళ్లి పటం చూసి వచ్చింది. సంతకం గడిలో ఇలా రాసింది: "దరఖాస్తుదారు రెండు చేతులును విధి నిర్వహణలో ఉన్నందున సంతకము చేయలేదు. స్వయముగా పరిశీలించితిని." పది రోజులు మంజూరైంది.

ఆ సాయంత్రం నా కొట్టులో పటం విప్పాను. కాగితాన్ని తెల్లటి నూలుగుడ్డల మధ్య పెట్టి ఆరబెట్టాం. విశ్వేశం తడి గుడ్డలు తీసి పొడి గుడ్డలు అందించాడు. మచ్చ ఉండిపోయింది గాని పాకలేదు. చేతి దాకా రాలేదు. కొత్త అద్దం, కొత్త అట్ట వేశాను.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజున విశ్వేశం పటాన్ని గుడ్డలో చుట్టి బయల్దేరబోయాడు. మాటంటే మాట మనిషి. నూకరత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మల్లీ ఆ సెడ్డులోకేనా?"

"సెలవు అయిపోనాది కదే."

"అందరూ సెలవు అయిపోగానే వొచ్చీస్తన్నారేటి ఉద్యోగాలకి? ఉండనీ."

పదిహేనో రోజున మెమో వచ్చింది. తెచ్చింది ఉదయలక్ష్మే. "నావికుడు గారికి తెలియజేయునది. మంజూరైన సెలవు ముగిసినను తాము విధులకు హాజరు కానందున, తమపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

విశ్వేశం పటం అందుకోబోయాడు. "ఇప్పుడే అట్టుకొచ్చీస్తానమ్మా."

ఉదయలక్ష్మి వీధి అటూ ఇటూ చూసింది. "మెమో మీకు కాదు బాబాయిగారూ, ఆయనకి. జవాబు ఆయనే ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో మెమో వస్తుంది. దానికీ ఇవ్వకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఉద్యోగం పోతే హోదా పోతుంది. హోదా లేని బొమ్మతో మా ఆఫీసుకు పనేమీ లేదు." గొడుగు విప్పుకుంది. "ఇవన్నీ నేను మీకు చెప్పలేదు."

రెండో మెమో వచ్చింది. నావికుడు జవాబివ్వలేదు. తెరచాప కుట్టుకుంటూ కూర్చున్నాడు. నెల చివర తొలగింపు ఉత్తర్వు వచ్చింది: "తీవ్ర నిర్లక్ష్యము ప్రదర్శించినందున సదరు నావికుని సర్వీసు నుండి తొలగించడమైనది. ఇకమీదట ఇతనికి ఏ విధమైన హోదా లేదు." విశ్వేశం ఆ కాగితం చదివించుకుని, కళ్లు తుడుచుకుని, వీధంతా బెల్లం జిలేబీలు పంచాడు. ఎవరికి ఉద్యోగం వచ్చిందని అడిగినవాళ్లకు, పోయిందని చెప్పాడు.

ఆ తర్వాత షెడ్డులో చెమ్మ రోగం బాగా ప్రబలింది. మిగిలిన ముప్ఫై ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు సెలవు పెట్టారు. ఒకడి చేతుల్లో తెడ్డు, ఒకడి చేతుల్లో మోకు, ఒకడు తెరచాప కొయ్య ఎక్కుతున్నాడు. ఎవరికీ చేతులు ఖాళీ లేవు. ఒక్కడూ తిరిగి హాజరు కాలేదు. అందరూ తీవ్ర నిర్లక్ష్యమే ప్రదర్శించారు.

మార్కండేయులు గారికి ఇదంతా తెలియదు. స్టూలు మీద కూర్చుని మహా అడ్మిరల్ గారి ఆదేశాల కోసం ఎదురు చూస్తున్నారు. రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చినప్పుడు షెడ్డు తలుపు తీస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఆయన నిర్ఘాంతపోయారు. తనిఖీ పెద్ద మాత్రం చాలా సంతోషించాడట. నివేదికలో ఇలా రాశాడు: "ఈ కార్యాలయమునందు ఆజ్ఞాపించుటకు ఇరువది మంది అధికారులు కలరు. పాటించుటకు ఒక్కరును లేరు. కావున ఇది ప్రధాన కార్యాలయము యొక్క స్థాయిని అందుకొనినదిగా గుర్తించి, ప్రధాన కార్యాలయములో విలీనము చేయవచ్చును."

విలీనం చేశారు. పంతొమ్మిది మంది అధికారుల పటాలు రాజధానికి తరలిపోయాయి. పదోన్నతి మీద మహా అడ్మిరల్ మార్కండేయులు గారి ఫోటో కూడా వెళ్లింది, జీపు ముందు సీట్లో. మార్కండేయులు గారిని మాత్రం మా ఊళ్లోనే ఎండుచేపల దిగుబడి పరిశీలనకు వేశారు.

ఆ అధికారుల గుండీల కోట్లు పోయినందుకు విశ్వేశం కొన్నాళ్లు దిగులుపడ్డాడు. గుర్తున్నంత మేరకు కాలర్లు కాగితం మీద గీసి పెట్టుకున్నాడు. గోడ మీద ఖాళీ అయిన చోట నావికుల్ని వరసగా సర్దాం. నూకరత్నం వంటింటి వైపు గోడ కూడా ఇచ్చింది. సూదాయన అక్కడే ఉన్నాడు, అన్నం తింటుంటే కనిపించేలా.

వర్షాలు మొదలైన వారానికి మార్కండేయులు గారు విశ్వేశం గుమ్మంలో కనిపించారు. చేతిలో లేత నీలం గుడ్డ ముక్క. చొక్కా మీద చేపల వాసన.

"ఒక చొక్కా కావాలి విశ్వేశం గారూ. మామూలు చొక్కా. గుండీలు ఎన్ని అవసరమో అన్నే."

"రండి బాబూ, రండి."

ఆయన లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, ముప్ఫై నాలుగు పటాలనూ ఒక చివరి నుంచి మరో చివరికి చూశారు. బెంచీ దగ్గరికి వెళ్లారు గాని కూర్చోలేదు. ఉత్తర్వుల్లో మాట్లాడే ఆ మనిషి ఇప్పుడు మామూలుగా అడిగారు.

"ఇక్కడ ఎవరి ముందైనా నిలబడాలా?"

విశ్వేశం మెడలో టేపు సర్దుకుంటూ అన్నాడు: "కూకోండి బాబూ. కొలత తీసినప్పుడు నిలబడితే సాలు."